పళ్ళ డాక్టరు పడవ

ఆ ఏడు ఎండాకాలంలో మా అన్నయ్య క్లినిక్కు మూసేశాడు, నాకు బట్టలారేసుకునే దండెం పోయింది. రెండూ నెల తేడాలో జరిగాయి. మొదటిదానికి ఊళ్ళో సగం మంది వచ్చి పరామర్శించి వెళ్ళారు. రెండోదాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

దండెం అంటే నిజానికి అది మా నాన్న పడవకి ఉండే తెరచాప స్తంభం. ఆ చెక్క పడవ ఇంటి పక్క ఖాళీ జాగాలో దిమ్మెల మీద, టార్పాలిన్ కప్పుకుని ఏళ్ళ తరబడి పడి ఉండేది. స్తంభాన్ని ఎప్పుడో విడిగా తీసి, ఒక కొస ప్రహరీ మీద, రెండో కొస వంటింటి కిటికీ పైన ఆనించాం. పొడుగ్గా, నున్నగా, నా దుప్పట్ల కోసమే పుట్టినట్టుండేది. చుట్టాలెవరైనా వచ్చి "పడవ మళ్ళీ ఎప్పుడు దింపుతారు?" అని అడిగితే "బట్టలు ఆరాక" అని చెప్పేదాన్ని.

అన్నయ్య పళ్ళ డాక్టరు. అన్నయ్యా వదినా మేడ మీద వాటాలో ఉంటారు, నేనూ మా ఆయనా కింద. నేను ముందుగదిలో మిషను పెట్టుకుని కర్టెన్లు, సోఫా కవర్లు కుడతాను. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. వదిన పెళ్ళయినప్పటినుంచీ అన్నయ్య క్లినిక్కులోనే పని చేసింది. పక్కన నిలబడి మందు కలిపి ఇచ్చేదీ ఆవిడే, గుమ్మంలోకి వచ్చి "నెక్స్ట్!" అని కేక పెట్టేదీ ఆవిడే. ఆ కేక వింటే పంటి నొప్పి సగం తగ్గిపోయేదని కొందరు, రెట్టింపయ్యేదని కొందరు అనేవారు.

అంతకుముందు చలికాలంలో అన్నయ్య చేతులు వణకడం మొదలుపెట్టాయి. పెద్ద డాక్టరు చూసి ప్రాణానికేం భయం లేదన్నాడు. ఊరికే ఉన్నప్పుడు చెయ్యి మామూలుగానే ఉంటుందట, ఏదైనా పట్టుకుంటేనే వణుకుతుందట.

"అంటే పని చెయ్యకుండా కూర్చుంటే నాకే జబ్బూ లేదన్నమాట" అన్నాడు అన్నయ్య ఇంటికొచ్చి.

వణికే చెయ్యి ఎవరి నోట్లో పెడతాడు? క్లినిక్కుకి తాళం వేశాడు. ఆ తర్వాత మా ఎదుట టీ తాగడం మానేశాడు, కప్పూ సాసరూ చప్పుడు చేస్తాయని. భోజనానికి రమ్మంటే ఇప్పుడే తిన్నాననేవాడు. చొక్కా గుండీలు వదినే పెట్టాల్సి వచ్చేది. కూర్చుంటే రెండు చేతులూ తొడల కింద దోపుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా కూర్చునేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీద మండాలో తెలియక మా ఆయన మీద కేకలేసేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే పక్క జాగాలో ధబ్బుమని చప్పుడైంది. పరిగెత్తి వెళ్ళి చూస్తే నా తడి దుప్పట్లన్నీ మట్టిలో ఉన్నాయి. టార్పాలిన్ ఒక మూల, దండెం ఒక మూల పడి ఉన్నాయి. అన్నయ్య పడవ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళు చూసే చిన్న అద్దాన్ని రెండు పలకల మధ్యలోంచి దూర్చి లోపలికి చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"నోరు చూస్తున్నాను."

"నా దుప్పట్లు కనబడలేదా?"

"కనబడ్డాయిలే. ఇటు రా, నువ్వూ చూడు. అన్నీ సందులే! అవతలి గోడ కనిపిస్తోంది."

ఎండకి పలకలు ముడుచుకుపోయి ఒక్కో సందులో నా చిటికెనవేలి గోరు దూరుతోంది. అంత పాడైపోయిన వస్తువును చూసి ఒక మనిషి అంత సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని దుప్పట్లు ఏరుకున్నాను.

ఆ మధ్యాహ్నం పిలవకుండానే భోజనానికి కిందికొచ్చాడు.

"వానలు మొదలవగానే సరస్సు రేవుకి క్రేను వస్తుంది, పడవలు దించడానికి. ఏడాదికి ఒక్కసారే. అప్పటికి దీన్ని సిద్ధం చేస్తాను" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకు గుర్తుందా? ఏటా నీళ్ళలో దించిన మొదటిరోజు నువ్వూ నేనూ మగ్గులతో తోడలేక చచ్చేవాళ్ళం. నాన్నకి ఓపిక లేదు, ఆ సందులు ఎన్నడూ సరిగ్గా మూసిన పాపాన పోలేదు. ఈసారి చూడు, చుక్క నీరు రాదు."

"క్రేను వాళ్ళతో నేను మాట్లాడతాను బావగారూ" అన్నాడు మా ఆయన. "వాళ్ళూ మేమూ ఒకటే, పైకీ కిందికీ."

అన్నయ్య రెండు చేతులూ తొడల కిందనుంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఊరికే ఉన్నాయి కాబట్టి కదలకుండా ఉన్నాయి.

"ఇది నీళ్ళలో నిలబడితే సరే. నిలబడలేదో, ఈ చేతులతో ఇంక దేన్నీ ముట్టుకోను. మీరే నోట్లో పెట్టి తినిపిద్దురుగాని."

నవ్వుతూనే అన్నాడు. వదిన నవ్వలేదు. అన్నయ్య ఒక మాట అన్నాడంటే అన్నాడంతే. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి, ఇంక ఎక్కనన్నాడు. ఇప్పటికీ ఎక్కలేదు.

*

వారం తిరిగేసరికి క్లినిక్కు మొత్తం పక్క జాగాలోకి దిగింది. తల మీద వెలిగే పెద్ద లైటుని ప్రహరీ పక్క గుంజకి బిగించాం. పేషెంట్ల కుర్చీని పడవ పక్కన వేసి, దాన్నే పైకీ కిందికీ దించుకుంటూ అన్నయ్య ఏ పలక కావాలంటే ఆ పలక ఎత్తుకి చేరుకునేవాడు. ఉమ్మి లాగే గొట్టానికి మా ఆయన బ్యాటరీ తగిలించి, పడవ అడుగున చేరే నీళ్ళు తోడే పంపుగా మార్చాడు. దానికో తేలే బెండు కట్టాడు, నీళ్ళు పెరిగితే పంపు దానంతటదే మొదలయ్యేలా. నాన్న కాలంలో లేని సదుపాయాలన్నీ పడవకి వచ్చిపడుతున్నాయి.

"లిఫ్టయినా ఇదయినా తాడు తెగితే నన్నే అంటారు" అని మా ఆయన పాత తాళ్ళన్నీ పీకేసి స్తంభానికి కొత్త స్టీలు తాళ్ళు అమర్చాడు. నేనేమో తెరచాప పట్టుకున్నాను. కర్టెనేగా అనుకున్నాను. మిషను మీద పరిస్తే ముందుగది నిండిపోయి గుమ్మం దాటి మెట్ల మీదికి పారింది. పైగా కర్టెను తిన్నగా కుడితే చాలు, చాప గాలికి పొట్ట పెట్టాలట. గుడ్డ ముక్కల అంచుల్ని కొంచెం వంపు తిప్పి కుట్టాలి. ఆ వంపు కుదరక ఒకే కుట్టుని ఎన్నిసార్లు విప్పానో. చిరుగు పడ్డచోట మిగిలిపోయిన సోఫా కవరు ఎర్రగుడ్డ అతుకు వేశాను.

"దూరం నుంచి చూసినవాళ్ళు ఎవరింట్లోదో సోఫా ఎగిరిపోతోందనుకుంటారు" అంది వదిన.

అసలు పని మాత్రం అన్నయ్యదే. రెండు డబ్బాల మందు కలిపితే రాయిలా గట్టిపడే పేస్టు తెప్పించాడు. వదిన దాన్ని గాజుపలక మీద కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి అందించేది. కానీ ముందు ఒక నమూనా చేశాడు. కుళ్ళిన పలక ఒకటి తీసి కొత్తది వేశాం, ఆ తీసినదాంట్లో బాగున్న ముక్కలు రెండు కోసి, పడవలో ఎలా ఉంటాయో అలాగే పక్కపక్కన ఒక అడ్డబద్దకి మరలతో బిగించి, మధ్య సందు పేస్టుతో నింపి, గీకి, మెరుగు పెట్టి చూసుకున్నాడు.

"పేషెంటు మీద ప్రయోగాలు చెయ్యకూడదు" అన్నాడు.

మోచెయ్యి పలకకి ఆనించి, కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని పేస్టు పెట్టేవాడు. మొదట్లో సందులోకన్నా చొక్కా మీదికే ఎక్కువ వెళ్ళింది. పోనుపోను చెయ్యి ఎంత వణికినా పేస్టు మాత్రం పోవాల్సిన చోటికే పోవడం మొదలుపెట్టింది. ఎడమపక్కంతా పూర్తయ్యేసరికి, కళ్ళు మూసుకుని తడిమితే ఎక్కడ చెక్క ఆగిందో ఎక్కడ పేస్టు మొదలైందో తెలిసేది కాదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. పాత పేషెంటొకాయన తన దవడ తడుముకుని, "నాకెప్పుడూ ఇంత నున్నగా పెట్టలేదే డాక్టరుగారూ" అని నొచ్చుకున్నాడు. అన్నయ్య ఆ రాత్రి భోజనం చేస్తూ కూడా ఆ మాట తలుచుకుని నవ్వాడు.

ఒక సాయంత్రం వదిన నా మిషను పక్కకి వచ్చి గొంతు తగ్గించింది.

"ఇవాళ చొక్కా గుండీలు ఆయనే పెట్టుకున్నారు. పైది కిందా, కిందది పైనా తప్పిపోయాయి. నేనేం అనలేదు. అలాగే బజారుకి పంపించాను."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ వదిన కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు మిషను తొక్కాను.

*

వానాకాలం ఇంకా రాకముందే ఒకరోజు పొద్దుటినుంచీ ముసురు పట్టింది. ఎప్పట్లాగే మా స్నానాలగది తలుపు బిగుసుకుపోయింది. ఏటా మాకిదో తంతు. ఎండల్లో ఆ తలుపు వదులైపోయి పక్కనుంచి వెలుతురు వస్తుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే ఉబ్బిపోయి, తన్నితే తప్ప తెరుచుకోదు. మా ఆయన లోపలినుంచి బాదుతున్నాడు.

"చిత్రిక పట్టించమని ఎప్పటినుంచి మొత్తుకుంటున్నాను!"

"పట్టిస్తే ఎండాకాలంలో ఏనుగు దూరుతుంది. ఆ సందు ఉండబట్టే వానల్లో ఈమాత్రమైనా..."

మాట మధ్యలో ఆగిపోయాను. తన్నడానికి ఎత్తిన కాలు కిందికి దించేశాను.

"ఏమైంది? తన్నవే!" అంటున్నాడు ఆయన లోపలినుంచి.

గాలిలో తేమకే తలుపు ఇంత ఉబ్బితే, నీళ్ళలోనే ఉండే పడవ ఎంత ఉబ్బుతుంది? ఉబ్బడానికి చోటేది? చోటంతా అన్నయ్య రాయి పెట్టి పూడ్చేశాడు. మొదటిరోజు మగ్గులతో నీళ్ళు తోడటం నాకూ గుర్తే. రెండోరోజు తోడినట్టు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నాన్న ఆ సందులు వదిలింది ఓపిక లేక కాదు, కావాలనే. మా ఆయన్ని స్నానాలగదిలోనే వదిలేసి పక్క జాగాలోకి పరిగెత్తాను.

నమూనా ముక్క తెచ్చి, బట్టలు నానబెట్టే తొట్టిలో ముంచి, తేలకుండా పైన రాయి పెట్టాను. నేననుకున్నది తప్పయితే బాగుండునని ఎంతగా కోరుకున్నానో చెప్పలేను. మూడోనాడు తీసి చూశాను. పేస్టు పెట్టింది పెట్టినట్టే మెరుస్తోంది. చెక్క ఉబ్బి, పోవడానికి దారి లేక, వెనక అడ్డబద్దని నిలువునా చీల్చేసింది. మరలు ఊడి బయటికి వచ్చాయి.

వదినని పిలిచి చూపించాను. ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, తొట్టి గట్టు మీద కూలబడింది.

"చెప్పకు" అంది.

"చెప్పకపోతే ఎలా? నీళ్ళలో దించాక పడవే పగులుతుంది."

"ఏమో, పగలదేమో. ఇది చిన్న ముక్క, అది అంత పడవ."

"వదినా!"

"నిన్న టీ కప్పు తనే పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళారు. చప్పుడు అవుతుంటే అవనిచ్చారు. ఇప్పుడు నువ్వెళ్ళి చేసిందంతా గీకెయ్యమంటే, ఆ చేతులు ఇంక తొడల కిందనుంచి రావు. మీ అన్న సంగతి నీకు నేను చెప్పాలా?"

చెబితే ఇవాళే పోతుంది, చెప్పకపోతే క్రేను వచ్చిననాడు పోతుంది. ఎటు చూసినా పోయేది అన్నయ్యే. ఇద్దరం ఆ ముక్కతో అక్కడే ఉండగా, పేస్టు చేతులు కడుక్కుందామని అన్నయ్యే తొట్టి దగ్గరికి వచ్చాడు. ముక్కని వెనక దాచబోయాను. దాగే సైజా అది?

అన్నయ్య చెయ్యి చాపాడు. ఇచ్చాను. వెలుతురు వైపు తిప్పి చూశాడు. జేబులోంచి చిన్న అద్దం తీసి చీలిక వెనక పెట్టి చూశాడు. చెయ్యి వణుకుతుంటే చెక్కలోని నీళ్ళు మా ముగ్గురి మీదా చిందాయి.

"ఫిల్లింగు చెక్కుచెదరలేదు" అన్నాడు చివరికి. "దవడ పగిలింది."

ముక్కని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కోకుండానే మేడెక్కి వెళ్ళిపోయాడు.

*

ఆ రోజూ కిందికి రాలేదు, మర్నాడూ రాలేదు. వదిన తీసుకెళ్ళిన పళ్ళెం తీసుకెళ్ళినట్టే తిరిగొచ్చింది. మా ఆయన తనవంతుగా మేడెక్కి, "లిఫ్టుల్లో కూడా అంతే బావగారూ, కాస్త వదులు లేకపోతే ఏదీ నడవదు" అని మూసిన తలుపుకి బోధించి వచ్చాడు. నేను అందర్నీ తిట్టుకున్నాను. ఆ తలుపుని, ముసురుని, ఒక్క మాటైనా చెప్పకుండా పోయిన నాన్నని. పడవ సగం మెరుస్తూ సగం నోరు తెరుచుకుని అలాగే ఉంది. అటు వెళ్ళి చూడబుద్ధి కాలేదు.

ఆ తర్వాతి రోజు పొద్దున వదిన మెట్లు దిగింది. క్లినిక్కులో వేసుకునే తెల్లకోటు వేసుకుంది. తాళం వేశాక దాన్ని చూడటం నాకదే మొదలు. నా వైపు చూడకుండా పక్క జాగాలోకి వెళ్ళి, పేషెంట్ల కుర్చీ దుమ్ము దులిపి, లైటు పడవ మీదికి తిప్పి, పళ్ళెంలో గీకే కొంకులన్నీ వరసగా పేర్చింది. అప్పుడు మెట్ల దగ్గరికి వచ్చి, తల పైకెత్తి, వీధి చివరిదాకా వినబడేలా కేక పెట్టింది.

"నెక్స్ట్!"

మేడ మీద చప్పుడు లేదు. నేను మిషను ఆపేసి కిటికీ దగ్గరికి వచ్చాను.

"డాక్టరుగారూ, పేషెంటు నోరు తెరుచుకుని కూర్చుంది. ఫిల్లింగులు తీసి మళ్ళీ పెట్టాలి. ఇంకా ఎంతసేపు కూర్చోబెడతారు?"

ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. వదిన కదల్లేదు. చాలాసేపటికి పైన గడియ తీసిన చప్పుడైంది. అన్నయ్య దిగి వచ్చాడు. గడ్డం మాసి ఉంది, గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి పడవ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. క్లినిక్కులో చాపినట్టే, తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపాడు. వదిన ఆ చేతిలో కొంకి పెట్టింది.

నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే కొళాయి తిప్పి నిలబడ్డాను.

*

పెట్టడం కన్నా తియ్యడం కష్టం. కొంకి పక్కకి జారి చెక్క తెగకుండా మా ఆయన సందు వెంబడి సన్న బద్దలు కొట్టిపెట్టాడు. వాటి అంచున కొంకిని రెండు చేతులా పట్టి లాగాలి. సెలవు దొరికినప్పుడల్లా ఆయన, కుట్టుపని అయ్యాక నేను, పొద్దస్తమానం అన్నయ్యా వదినా. తినేదాంట్లో పొడి, తాగేదాంట్లో పొడి, తలలో పొడి. అందరికీ తల ప్రాణం తోకకి వచ్చింది. మొదట్లో అన్నయ్య పెదవి విప్పలేదు. ఒకరోజు మా ఆయన చెమట తుడుచుకుంటూ, "ఎవడండీ బాబూ దీన్నింత గట్టిగా పెట్టింది?" అన్నాడు నోరు జారి.

వదిన గీకడం ఆపేసింది.

"ఎవరో పళ్ళ డాక్టరట" అన్నాడు అన్నయ్య. "చెయ్యి మంచిదేనట. బుర్రే కాస్త తక్కువట."

ఆ రోజునుంచీ పని పరిగెత్తింది. సందుల్లోకి ఈసారి మెత్తటి నూలు దట్టించి, పైన ఎండినా బిగియని మెత్తని లప్పం పూయాలని తేల్చుకున్నాం. నూలు ఎక్కడ దొరుకుతుందని వాళ్ళు ముగ్గురూ మొహాలు చూసుకుంటుంటే, నేను లేచి వెళ్ళి సోఫా దిండ్ల అంచుల్లో పెట్టే నూలుతాడు చుట్టలు తెచ్చి వాళ్ళ ఒళ్ళో పడేశాను. ఆ రోజు నా గొప్ప చూసుకోవాలి. అన్నయ్య ఉలి మీద సుత్తితో నెమ్మదిగా కొడుతూ తాడుని లోపలికి పంపేవాడు. లప్పం నిండా కాకుండా కొంచెం లోతుగానే ఆపేసేవాడు. అది అన్నయ్యకి చచ్చేంత కష్టంగా ఉండేది.

"సగం పని చేసి పేషెంటుని ఇంటికి పంపినట్టుంది" అని గొణిగేవాడు.

"సాయంత్రం మళ్ళీ రమ్మన్నామనుకోండి" అనేది వదిన.

రంగు వేసిన వారానికి వానలు దిగాయి. క్రేను వచ్చిందని రేవునుంచి కబురొచ్చింది.

రేవు చూసుకునే ఆవిడని అందరూ సైరను అంటారు. ఆవిడ గొంతు వింటే ఎందుకో అడగక్కర్లేదు. "చెక్క పడవా? క్రేను పట్టీలు విప్పకండి!" అని ఆ చివరినుంచే అరిచింది. క్రేను మా పడవని గాల్లోకి లేపి, సరస్సు మీదికి తిప్పి, నెమ్మదిగా దించింది. అడుగు నీళ్ళకి తగిలిందో లేదో, ప్రతి సందులోంచీ నీళ్ళు లోపలికి చిమ్మాయి. కుడినుంచి, ఎడమనుంచి, ముందునుంచి. ఒడ్డు మీద గుమిగూడినవాళ్ళలో ఎవరో "జల్లెడకి చాప కట్టారా?" అన్నారు.

"ఎత్తెయ్యమను! ఎత్తెయ్!" అని మా ఆయన క్రేను డ్రైవరు వైపు చేతులూపాడు. డ్రైవరు అన్నయ్య వైపు చూశాడు.

అన్నయ్యవి రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. ఇంతా చేసి ఇప్పుడు ఎత్తించేస్తే ఆ చేతులు ఇంక ఆ జేబుల్లోనే ఉండిపోతాయి.

"ఎత్తొద్దు" అన్నాడు. "పట్టీలు పట్టుకునే ఉన్నాయిగా. నాననివ్వండి."

చేతులు జేబుల్లోంచి తీసి, రేవు మెట్టు మీంచి పడవలోకి దిగాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

"చూస్తావేం? మగ్గు తే!" అన్నాడు నాతో.

తోడాం. చిన్నప్పటిలాగే నేను ముందు, తను వెనక. వదిన ఉమ్మి గొట్టం పట్టుకుని "పుక్కిలించండి, ఉమ్మండి" అంటూ మధ్యలో నిలబడింది. క్రేనుకి వేరే పడవలు ఉండటంతో సైరను ఆ పట్టీలని రేవు గుంజలకి కట్టించింది. మధ్యాహ్నానికి చిమ్మడం పోయి కారడం మిగిలింది. పొద్దు వాలేసరికి మగ్గులు పక్కన పెట్టాం, పంపు ఒక్కటే అప్పుడప్పుడూ గురకపెట్టేది. రాత్రికి తను చూసుకుంటానని సైరను మమ్మల్ని ఇంటికి తరిమేసింది. ఇంటికైతే వెళ్ళాం గానీ ఎవరికీ కన్ను మూతపడలేదు.

మర్నాడు మేం వెళ్ళేసరికి పంపు ఆగి ఉంది. బెండు పొడి పలక మీద పడి ఉంది. అన్నయ్య లోపలికి దిగి సందుల వెంట వేలు పెట్టి తడిమాడు. పలకలు ఉబ్బి దగ్గరికి జరిగి, లోతుగా వదిలిన లప్పాన్ని అంచుదాకా తెచ్చి ఆపాయి.

"మూసుకుంది" అన్నాడు. "దానంతట అదే మూసుకుంది." పలక మీద కూర్చుని, "ఓపిక లేనిది నాన్నకి కాదు" అన్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తోడటానికి మగ్గు ఇవ్వనా అని అడిగాడు.

*

వాన తెరిపి ఇచ్చిన మొదటిరోజు నలుగురం బయల్దేరాం. చాప పైకి లాగాం. గాలి పట్టగానే అది సరిగ్గా పొట్ట పెట్టింది, ఎర్ర అతుకు ఎండలో మెరిసింది. దాన్ని చూసి నేనెంత మిడిసిపడ్డానో మా ఆయన ఇప్పటికీ చెప్పి ఏడిపిస్తాడు.

చుక్కాని దగ్గర కూర్చోమంటే అన్నయ్య వద్దన్నాడు. "దారి పట్టుకోవడానికి నిలకడైన చెయ్యి ఉండాలి. బావగారిని కూర్చోనివ్వండి" అని ముందుకెళ్ళి, మళ్ళీ పాత అలవాటు ప్రకారం చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. మా ఆయనకి పైకీ కిందికీ తప్ప పక్కలకి తిప్పడం తెలియదు. ఒడ్డు దాటీ దాటకముందే ఒక మలుపు తప్పు తిప్పి, సరస్సులో సగం మా ఒళ్ళో పోశాడు. అందరం నిలువునా తడిసిపోయాం. తర్వాత ఎలాగో సర్దుకుని, పడవ గాలిలో పడి జోరందుకుంది.

"బావగారూ, ఈ పిడి వణుకుతోంది" అన్నాడు మా ఆయన కంగారుగా. "కింద ఏదో మర వదులైనట్టుంది."

"ఏదీ, చూడనివ్వండి." అన్నయ్య లేచి వెనక్కి వచ్చి చుక్కాని పిడి పట్టుకున్నాడు. కదిలే పన్ను పట్టి చూసేటప్పుడు చేసినట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "ఏదీ వదులవలేదు. కింద నీళ్ళు పరిగెడుతున్నాయి, ఆ అదురు ఇక్కడిదాకా వస్తోంది. పడవ నడుస్తున్నంతసేపూ ఇది ఇలాగే వణుకుతుంది."

అనేసి, తనన్న మాట తనే విన్నట్టు ఆగిపోయి, చేతి వైపు చూసుకున్నాడు.

నేను జరిగి, పిడి మీదున్న అన్నయ్య చేతి మీద నా చెయ్యి వేశాను. సన్నగా వణుకుతోంది. చెయ్యి వణుకుతోందో, పిడి వణుకుతోందో పట్టుకోలేకపోయాను.

"ఏదన్నయ్యా?" అన్నాను.

"నాకూ తెలియడం లేదే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తన మొహం వెలిగిపోయింది.

మా ఆయన లేచి ముందుకెళ్ళి కూర్చున్నాడు. ఆ చోటు మళ్ళీ అన్నయ్య ఎవరికీ ఇవ్వలేదు, ఇప్పటికీ ఇవ్వడు. వదిన ఫ్లాస్కులోంచి టీ పోసి, సాసరుతో సహా కప్పు అందించింది. కావాలనే సాసరు తెచ్చిందని నాకు తెలుసు. అన్నయ్య రెండో చేత్తో అందుకున్నాడు. కప్పు సాసరు మీద గలగలలాడింది. నా కప్పూ గలగలలాడింది, మా ఆయనదీ అంతే, ఆ పడవలో వణకని వస్తువు లేదు. మా అందరి ఎదుటా ఊదుకుంటూ, తీరిగ్గా, చివరి గుక్కదాకా తాగాడు.

మబ్బు మళ్ళీ కమ్ముకుంటోంది. వదిన మేమందరం నీళ్ళోడుతున్న తీరు చూసింది.

"ఇంక ఇంటికెప్పుడు డాక్టరుగారూ?"

అన్నయ్య పిడిని కొంచెం తన వైపు లాక్కున్నాడు. పడవ ఒడ్డుకి దూరంగా తిరిగింది.

"బట్టలు ఆరాక" అన్నాడు.